తెల్లబోయిన బిల్లులు

ద్వారకానగర్ మూడో లైన్లో జిరాక్స్ షాపు మీద
రెండో అంతస్తు.
చెప్పులు గుమ్మం దగ్గరే విడిచాను.
మడమల పగుళ్లలో పోర్టు బొగ్గు మాత్రం
నాతోపాటే లోపలికొచ్చింది.

ఆడిటర్ పరిమళ గారు
నా బిస్కెట్ డబ్బా బల్ల మీద బోర్లించారు.
ఏడాది డీజిలు. ఏడాది టోలు.
సాలూరులో వేయించిన క్లచ్ ప్లేటు.
అన్నీ తెల్లగా ఉన్నాయి.

"ఇవేంటి, అసిరినాయుడు గారూ?"
"బిల్లులండి."
"అంకెలేవీ?"

క్యాబిన్లో ముందద్దం కింద దాచానండి.
తారీకులన్నీ ఎండ తాగేసింది.
బంకు మిషను కొట్టిన అక్షరానికి
వేసవి దాటే ప్రాణం లేదని ఎవరు చెప్పారు నాకు?
బిల్లులూ తెల్లబోయాయి,
నేనూ.

ఆవిడ మంచిదే. మంచినీళ్లిప్పించి చెప్పింది:
మీ బండి బరువు చట్టానికి తెలుసు,
ఇరవై ఎనిమిది టన్నులు.
టన్నుకి వెయ్యి చొప్పున నెలనెలా
మీకు మిగిలినట్టే లెక్క.
అలా ఒప్పుకుంటే పుస్తకాలక్కర్లేదు,
సంతకం పెట్టి వెళ్లిపోవచ్చు.

ఆ లెక్కలో నా లారీ ఒక్క నెలా ఆగలేదు.
సుంకి ఘాటీలో గేరుబాక్సు పగిలి
చక్రాల కింద రాళ్లెట్టుకుని
వానలో నాలుగు రాత్రులు కాపలా పడుకున్నప్పుడూ,
ఆటోనగర్ షెడ్డులో డెబ్బై మూడు రోజులు
బానెట్ ఎత్తుకుని అది నోరు తెరిచి నిలబడ్డప్పుడూ,
ఫైనాన్స్ కుర్రాడు గాజువాక నుంచి రోజూ ఫోన్ చేసినప్పుడూ
నాకు మిగులుతూనే ఉంది.
కాగితం మీద ఎంత అదృష్టవంతుణ్ణో.

"కాదండి. నాకు నష్టం వచ్చింది."
"అయితే రుజువు కావాలి."

లాభమంటే నోటిమాట చాలు.
నష్టానికి పుస్తకం కావాలి, వోచరు కావాలి,
ఆడిట్ కావాలి, ఆడిట్‌కి ఫీజు కావాలి.
పోగొట్టుకున్నవాడు
పోయిందని చెప్పుకోడానికి
ఇంకాస్త పోగొట్టుకోవాలి.

అక్టోబరు ముప్పై ఒకటి లోపల వేస్తే
నష్టానికి ఎనిమిదేళ్ల ఆయుష్షు అన్నారు.
వచ్చే లాభాల్లోంచి కొంచెం కొంచెం కోసుకోవచ్చట.
ఎనిమిదేళ్లు!
నా టైరుకి ఏడాదిన్నర. బ్యాటరీకి రెండు.
ఎనిమిదేళ్లు చెడని సరుకు
ఈ పోర్టులో నేనింతవరకు ఎత్తలేదు.

"తరుగుదల కూడా ఉంది, బండికి ఏటా ముప్పై శాతం."
మా క్లీనరు బంగార్రాజు చిటికెనవేలు
జాకీ జారి పోయింది. దానికెంత?
నా నడుముకి?
ఆవిడ పెన్ను మూత పెట్టి, మళ్లీ తీసి,
"ఆస్పత్రి బిల్లుందా?" అన్నారు.
ఉంది. తెల్లగా.
పొట్టంగి పంక్చరతనికి రాయడమే రాదు.
చెక్‌పోస్టు దగ్గర చేయి చాపినవాడికి వచ్చు,
కానీ రాయడు.

మెట్ల మీదికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను.
"ఏటి, కాగితాలన్నీ తెల్లగైపోనాయా?
నాను రాసుంచినాను గదా" అంది నూకాలు.

పాల లెక్క పుస్తకం, వెనక పేజీల నుంచి.
రోజూ రాత్రి ఫోన్లో ఎక్కడున్నావ్, ఎంత పోయించావ్ అనడిగేది.
ప్రేమనుకున్నాను.
"నీ తాగుడు లెక్క ఎప్పటికైనా తేల్దామని రాసినాను" అంది
మధ్యాహ్నం బస్సు దిగి, పుస్తకం నా చేతిలో పెడుతూ.

పరిమళ గారు వేలు పెట్టి చదువుతున్నారు.
తారీకు, ఊరు, లీటర్లు, రూపాయలు.
ఈ తారీకులు చూపిస్తే బంకులవాళ్లు మళ్లీ బిల్లులివ్వొచ్చు,
ప్రయత్నిద్దాం అన్నారు.
ఒక పేజీ దగ్గర ఆగారు.

"సుంకి. వాన. డీజిలు లేదు.
తిన్నానన్నాడు. అబద్ధమే."

"ఇది ఏ పద్దు కింద వెయ్యమంటారు?"
నూకాలు గోడవైపు చూసింది.
పైన ఫ్యాను తిరుగుతూ ఉంది.
నా తెల్లకాగితాలు ఒక్కొక్కటే బల్ల దిగి
గది మూలకి నడుస్తున్నాయి.